ధూళి వాపసు విభాగం

ఆ ఉదయం ఆకాశం తోమని ఇత్తడి బిందెలా ఉంది. వాన పడేటట్టూ లేదు, పడనట్టూ లేదు. తూర్పున కొండ మీద మబ్బొకటి, బస్సు తప్పిపోయిన మనిషిలా ఎటూ కదలకుండా కూర్చుంది. మా ఊళ్ళో అయితే అలాంటి మబ్బును చూడగానే కళ్ళంలో ధాన్యం మీద టార్పాలిన్ కప్పేస్తారు. విజయనగరంలో ఆకాశంతో ఎవరికీ పని లేదు. నేను ట్రాలీ ఆటోలో చీపుర్లు, బక్కెట్లు, నిచ్చెన సర్ది తాడు బిగిస్తూంటే, నిగనిగ హోం క్లీనింగ్ యజమాని చలమయ్యగారు అందరినీ షెడ్డులోకి రమ్మని కబురు పెట్టారు.

చలమయ్యగారు ఇదివరకు గోనెసంచుల వ్యాపారం చేసేవారు. ఆ వ్యాపారం మందగించాక ఇళ్ళు శుభ్రం చేసే సంస్థ పెట్టారు. మంచి మనిషి. ఉన్నది ఒకటే బలహీనత. మైకు పట్టుకుని ఎవరు ఏం చెప్పినా వెంటనే నమ్మేస్తారు. విశాఖపట్నంలో ఏదో హోటల్లో వ్యాపారస్తులకు శిక్షణ ఇస్తే వెళ్ళి ముందురోజే తిరిగొచ్చారు. వాళ్ళిచ్చిన కార్డు ఇంకా మెడలో వేలాడుతూనే ఉంది.

ఆయన చెప్పిన సంగతి ఇది. ఫిర్యాదు అంటే తిట్టు కాదట, కానుకట. కస్టమరు ఎప్పుడూ తప్పు చెప్పడట. చెప్పినది తప్పులా కనిపిస్తే ఆ లోపం మన చూపులో ఉందట. అందుచేత ఇవాళ్టినుంచి నిగనిగ మనిషి ఎవరూ కస్టమరుతో ‘కాదు’ అనే మాట అనకూడదు. ‘లేదు’ కూడా వీలైనంత తగ్గించాలి. ఏ ఫిర్యాదు వచ్చినా ఒప్పుకోవాలి, సరిచెయ్యాలి. సరిచెయ్యలేకపోతే ఆ ఇంట్లో చీపురు పట్టిన మనిషి పని మానుకుని వెళ్ళిపోవాలి.

ఆ చివరి ముక్క దగ్గర అందరం సన్యాసమ్మ వైపు చూశాం. ఇళ్ళపని జట్టుకు మేస్త్రి ఆవిడే. గజపతినగరం పక్క పల్లె నుంచి వచ్చింది. తను కుదురుకున్నాక ఊళ్ళో పనిలేని ఆడవాళ్ళను ఒక్కొక్కరినే తెచ్చి జట్టు కట్టింది. వాళ్ళ అత్తలూ మొగుళ్ళూ టౌనుకు పంపింది ‘సన్యాసమ్మ ఉంది గదా’ అన్న ధైర్యం మీద. ఆవిడ వెళ్ళిపోతే ఆ సాయంత్రం బస్సుకే వాళ్ళూ వెళ్ళిపోతారు. మళ్ళీ ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు కూర్చుంటారు. ఈ సంగతి షెడ్డులో చలమయ్యగారికి తప్ప అందరికీ తెలుసు.

సన్యాసమ్మ కొంగు దోపుకుని ఒక సందేహం అడిగింది.

“బాబూ, మేం ఎల్లకముందే గోడ పెచ్చులూడిపోయి ఉంటేనో?”

“ఒప్పుకో.”

“ఆళ్ళ పిల్లి పాలు ఒలకబోస్తేనో?”

“ఒప్పుకో సన్యాసమ్మా. పిల్లి కూడా కస్టమరు ఇంటిదే కదా.”

ఆ తరువాత చలమయ్యగారు కొత్త మనిషిని చూపించారు. ఆయన ముకుందరావుగారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఇకమీదట మా సంతృప్తి అధికారి. ఆయన గొంతు సవరించుకుని, “ఇందుమూలముగా సిబ్బందికి తెలియపరచునది ఏమనగా, వినియోగదారుని వాంగ్మూలమే అంతిమ సాక్ష్యము. అది నిజమా అబద్ధమా అని విచారించుట, వినియోగదారుని అవమానించుటగా పరిగణింపబడును” అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడేదీ అలాగే. కాసేపటికి నన్ను పక్కకు పిలిచి, టీ విషయమై ఏమైనా చర్య తీసుకొనబడుచున్నదా అని అడిగారు.

మొదటి కానుక మర్నాడే వచ్చింది.

కోట వెనక వీధిలో దమయంతిగారని ఒక ఇల్లాలు. వాళ్ళింట్లో ఫ్యాన్లు తుడిచాం. తుడిచాక గాలి ఎక్కువైపోయిందని ఆవిడ ఫిర్యాదు. ఆయనగారికి పడిశం పట్టిందట. ఇదివరకైతే సన్యాసమ్మ, రెగ్యులేటరు ఒక గీత తగ్గించుకోండమ్మా అని నవ్వి వచ్చేసేది. ఇప్పుడు ఆ మాటలో ఎక్కడో ‘కాదు’ దాక్కుని ఉందేమోనని భయపడి నోరు మూసుకుంది. ముకుందరావుగారు స్వయంగా నా ఆటోలో వచ్చారు. ఫ్యాను కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నెత్తి మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి.

“గాలి అధికముగా ఉన్న మాట వాస్తవము. పూర్వస్థితి పునరుద్ధరించవలెను” అన్నారు.

నిచ్చెన మీదున్న మా కుర్రాడు అప్పలకొండ, పూర్వస్థితి అంటే ఏటని అడిగాడు. తుడవకముందు ఎలా ఉండేదో అలా అని ముకుందరావుగారు చెప్పారు. తుడవకముందు రెక్కల మీద దుమ్ము ఉండేది. ఆ దుమ్ము నా ఆటోలో ఇంకా సంచీలోనే ఉంది, పారబొయ్యడానికి తీరిక దొరకలేదు. అప్పలకొండ రెక్కలకు కాస్త కొబ్బరినూనె రాసి, దుమ్ము గుప్పిట్లోకి తీసుకుని, పసుపు రాసినట్టు పట్టించాడు. ఫ్యాను తిరిగింది. దమయంతిగారి భర్త రెండుసార్లు తుమ్మి, “ఇదీ మా ఫ్యాను” అన్నారు.

చలమయ్యగారు ఆ కబురు విని నన్ను కౌగలించుకున్నంత పని చేశారు. అయితే ముకుందరావుగారు ఒక ఇంటితో తృప్తిపడే మనిషి కారు. ఆ రాత్రంతా ఆలోచించి మర్నాడు ఒక సూత్రం తెచ్చారు. ధూళి కస్టమరు ఆస్తి. అది వాళ్ళింట్లో పుట్టింది, వాళ్ళింట్లో పెరిగింది. మనం దాన్ని తీసుకురావచ్చుగాని పారబొయ్యడానికి మనకు హక్కు ఎక్కడిది? ఫిర్యాదు వచ్చే అవకాశం ఉన్నంతకాలం భద్రపరచాలి. ఫిర్యాదు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి ఎప్పటికీ భద్రపరచాలి.

చలమయ్యగారి దగ్గర అమ్ముడుపోని గోనెసంచులు గుట్టలుగా ఉన్నాయి. అవి బయటికి వచ్చాయి. ఒక్కో ఇంటి దుమ్ము ఒక్కో సంచిలో పోసి, మూతి కట్టి, ఇంటిపేరు రాసిన అట్ట వేలాడదీశాం. షెడ్డు గుమ్మానికి ‘ధూళి వాపసు విభాగం’ అని బోర్డు కట్టారు. బోర్డు మీద దుమ్ము పడితే తుడవాలా వద్దా అని అప్పలకొండ అడిగాడు. ఆ విషయం పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది.

తరువాత ప్లీడరు పట్నాయక్‌గారు పిలిపించారు. ఆయన లా పుస్తకాల బీరువాలు మా ఆడవాళ్ళు అద్దంలా తుడిచారు. అప్పటినుంచి వచ్చిన పార్టీలు పుస్తకాల వైపు చూసి, “ప్రాక్టీసు ఈమధ్యనే పెట్టారాండీ” అని అడిగి లేచిపోతున్నారట. ఆయన దుమ్ము ఆయనకు తీసుకెళ్ళాం. కాని దుమ్ము తియ్యడం వేరు, వెయ్యడం వేరు. గుప్పిట్లోంచి చల్లితే కుప్పలు పడుతుంది. ముకుందరావుగారు పక్కన నిలబడి, పై అంచున దట్టముగాను, వెన్ను భాగమున పలుచగాను ఉండవలెనని చెబుతున్నారు. చివరికి సన్యాసమ్మ పిండి జల్లెడ తెప్పించింది. ముగ్గు వేసే చేత్తో మెల్లగా జల్లిస్తే పుస్తకాల మీద ఇరవై ఏళ్ళ అనుభవం వచ్చి వాలింది.

జట్టులో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సన్యాసమ్మ మొహంలో నవ్వు లేదు. “పెళ్ళైన కొత్తల మాయత్త అనీది, నువ్వు తుడిస్తే దుమ్ము ఈ మూలనుంచి ఆ మూలకెల్తాది గానీ గడప దాటదే అని. ఆ ముసల్దిప్పుడుంటే నాకు హారతిచ్చును” అంది.

వీణ మాస్టారు సోమయాజులుగారి ఫిర్యాదు వీటన్నిటికంటే సున్నితమైనది. ఆయన పాఠం చెప్పే హాల్లో బూజు దులిపి, గోడలు తుడిచాం. ఆనాటినుంచి తీగ మీటితే నాదం గోడకు తగిలి వెనక్కి వచ్చి మీద పడుతోందట. “తాతల నాటినుంచి గోడలకు పట్టిన శ్రుతి అది. తడిగుడ్డ పెట్టి తుడిచేశారు నాయనా” అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ముకుందరావుగారికి సంగీతం తెలియదు. అయినా కళ్ళు మూసుకుని విని, “శ్రుతిలోపము మా దృష్టికి వచ్చినది” అన్నారు.

మాస్టారు ఒక మెట్టు మీటడం, అప్పలకొండ గోడకు ఒక గుప్పెడు కొట్టడం, మాస్టారు తలూపడం. ఇలా పొద్దు వాలింది. “ఆ దక్షిణపు మూల ఇంకొంచెం... గాంధారం ఇంకా వణుకుతోంది... ఆ దూలం మీద...” అంటూండగానే వాళ్ళ సంచి అయిపోయింది. ఇంకా సగం గోడ ఉంది. సన్యాసమ్మ, ఇంతే ఉందని ముకుందరావుగారి చెవిలో చెప్పింది. ఆయన ఆటోలో ఉన్న ఇంకో సంచి చూపించి దింపమన్నారు. అది వేరే వాళ్ళదని ఆవిడ అంది. ఆఫీసులో ఒక పద్దులో చాలకపోతే ఇంకో పద్దులోంచి సర్దుబాటు చెయ్యడం ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. “ధూళి ధూళియే. సర్దుబాటు చేయవచ్చును” అన్నారు. దింపాం. గాంధారం నిలబడింది. మాస్టారు పరవశించిపోయి ముకుందరావుగారికి పటికబెల్లం పెట్టారు.

బూజు మాత్రం తెచ్చిపెట్టలేకపోయాం. సాలీళ్ళు మా ఉద్యోగులు కావు. వాటి సహకారం కోరడమైనదని మాస్టారికి చెప్పి వచ్చాం.

ఆ రోజుల్లో మా వ్యాపారం బాగా పుంజుకుంది. శుభ్రం చెయ్యకుండా ఒట్టి దుమ్ము మాత్రమే కావాలనేవాళ్ళు కూడా తయారయ్యారు. కొత్తగా డబ్బు చేసిన ఒకాయన గృహప్రవేశం ముందు వచ్చి, ఏదైనా పాత జమీందారీ ఇంటి దుమ్ము ఉంటే మెట్ల మీద వేయించమని అడిగాడు. చుట్టాలు వచ్చేసరికి ఇల్లు పాతకాపులదిలా కనపడాలట. ఉదయం దుమ్ము వెయ్యడం, సాయంత్రం దుమ్ము తియ్యడం. జట్టుకు పనికి లోటు లేదు. చలమయ్యగారు మెడలో కార్డు తియ్యనే లేదు.

సర్దుబాటు చేసిన ఆ సంచి పరాంకుశంగారిది. అది ఎంత పొరపాటో తెలిసేసరికి వారం గడిచింది.

పరాంకుశంగారు ఆడిట్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఒంటరిగా ఉంటారు. ఇల్లంతా బీరువాలు. ఆయన ఫిర్యాదు ఏమిటంటే, మేం బీరువాల మీద దుమ్ము తుడిచేశాం. ఆ దుమ్మే ఆయనకు సీలు. దుమ్ము కదలకపోతే బీరువా ఎవరూ ముట్టుకోలేదని లెక్క. ఇప్పుడు ఎవరు ముట్టుకున్నారో, ఎవరు ముట్టుకోలేదో ఆయనకు తెలిసే దారి లేదు. తన దుమ్ము తనకు కావాలి.

ముకుందరావుగారు ఏదో పిండిమర వీధి సంచి పట్టించారు. పరాంకుశంగారు చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని, భూతద్దం పెట్టి చూశారు.

“ఇది మా ఇంటి ధూళి కాదు. మావి సున్నపు గోడలు. ఇందులో గోధుమపిండి ఉంది.”

“తమరన్నది అక్షరసత్యము” అన్నారు ముకుందరావుగారు.

“ఒప్పుకుంటున్నారా?”

“సంపూర్ణముగా.”

పరాంకుశంగారు ఆయన మొహంలోకి చాలాసేపు చూశారు. ఎదురు ఎత్తు వేసేవాడు లేక చదరంగం బల్ల ముందు ఒక్కడే కూర్చున్న మనిషిలా ఉన్నారు. మర్నాడు ఇంకో అభ్యంతరం చెప్పారు. సంచి ముడి ఎడమచేతి వాటంగా ఉందన్నారు. ఒప్పుకున్నాం. ఆ మర్నాడు, మేం వచ్చి వెళ్ళినప్పటినుంచి గోడ గడియారం ఆలోచించి కొడుతోందన్నారు. ఒప్పుకున్నాం. మేం ఒప్పుకునే కొద్దీ ఆయన నీరసపడిపోతున్నారు, గొంతు మాత్రం పెరుగుతోంది. ఇది నేను చూస్తూనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

ఇక గత్యంతరం లేక, పరాంకుశంగారి దుమ్ము తిరిగి తెచ్చుకుందామని వీణ మాస్టారింటికి వెళ్ళాం. మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. గోడ మీద చెయ్యి పడితే ఫిర్యాదు చేస్తానన్నారు. ఆయన కస్టమరు. పరాంకుశంగారూ కస్టమరే. ఇద్దరి మాటా నిజమే. ముకుందరావుగారు ఆటోలో వెనక్కి వస్తూ దారిపొడుగునా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. షెడ్డుకు చేరాక కళ్ళు తెరిచారు.

“ఇరుపక్షములును సత్యమే పలుకుచున్నవి. కావున తప్పు మూడవ పక్షమున ఉండవలెను” అన్నారు.

ఆ రెండిళ్ళలోనూ చీపురు పట్టింది సన్యాసమ్మ. శనివారం పొద్దుగూకేలోగా పరాంకుశంగారు తృప్తిపడకపోతే ఆవిడ వెళ్ళిపోవాలని తేలింది. సంచి దింపమన్నది మీరే గదా అని అప్పలకొండ అనబోయాడు. విచారణ నిషిద్ధమని అంతకుముందే చెప్పి ఉన్నందువల్ల ఆ మాట ఎవరూ వినలేదు.

సన్యాసమ్మ తన పని తను చేసుకుపోయింది. సాయంత్రం చీపుళ్ళు కడిగి ఆరబెడుతూ నాతో మాత్రం, “నానెల్లిపోడానికి ఏటుంది తమ్ముడూ. జట్టులో ఆ ఆడగుంటల గురించే. ఇప్పుడిప్పుడే కళ్ళెత్తి మాటాడ్డం నేర్సినారు” అంది.

మర్నాడు చలమయ్యగారు వచ్చి ఆటో వెనక చెక్క మీద కూర్చున్నారు. చాలాసేపు కాళ్ళు ఊపారు. రూలు తనే పెట్టానని, తనే తప్పితే మిగతావాళ్ళకు ఏం చెప్పుకుంటానని అన్నారు. సన్యాసమ్మలాంటి మనిషి మళ్ళీ దొరకదని కూడా అన్నారు. నేను టైరు చూస్తున్నాను.

“నువ్వేం అనవేమయ్యా” అన్నారు.

“కాదనడానికి రూలు లేదు గదండీ” అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం షెడ్డు ముందు గుర్తింపు పరేడ్ ఏర్పాటైంది. ఆ ఏర్పాటు ముకుందరావుగారిదే. సంచులన్నీ మూతులు విప్పి వరసగా నిలబెట్టాం. పరాంకుశంగారు వచ్చి తన దుమ్మును గుర్తుపట్టాలి. అది వీణ మాస్టారి గోడ మీద ఉందని అందరికీ తెలుసు, అయినా మాస్టారి మాట కాదనలేం కాబట్టి అది అక్కడ లేదన్నట్టే లెక్క. పరాంకుశంగారు భూతద్దంతో మొదటి సంచి దగ్గర వంగారు. కాదన్నారు. రెండోది కూడా కాదన్నారు. సన్యాసమ్మ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. గేటు దగ్గర జట్టులో ఆడవాళ్ళు టిఫిను డబ్బాలు, బట్టల సంచులు సర్దుకుని వరసగా కూర్చున్నారు. ఆవిడ కదిలితే కదలడానికి సిద్ధంగా ఉన్నారు. గాలి లేచింది. విప్పిన సంచులు ఒక్కసారి ఊపిరి వదిలాయి.

చలమయ్యగారి ఇల్లు షెడ్డుకు ముందువైపే. మేడ మెట్ల మీదనుంచి ఆయన భార్య వరహాలమ్మగారు దిగి వచ్చారు. చేతిలో చాట. చాటలో ఆ ఉదయమే పెట్టిన బూడిదగుమ్మడికాయ వడియాలు. వాటి మీద టౌనులో సగం ఇళ్ళ దుమ్ము ఉంది.

ఆవిడ చాట ముకుందరావుగారి ముక్కు కింద పెట్టి, దీనికేమంటారని అడిగారు. ముకుందరావుగారు ఇబ్బందిపడ్డారు. వినియోగదారుల ఫిర్యాదులు మాత్రమే స్వీకరించబడునని, యజమాని కుటుంబ సభ్యుల విషయము నిబంధనలలో చేర్చుటకు పరిశీలనలో ఉన్నదని చెప్పారు. ఆవిడ మొగుడి వైపు చూశారు. చలమయ్యగారు మెడలో కార్డు సరిచేసుకున్నారు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు.

“కస్టమరు అవ్వాలంటే ఏం చెయ్యాల్రా అబ్బాయ్?”

“ఫోను చెయ్యాలమ్మా” అన్నాను.

వరహాలమ్మగారు చాట నా చేతికిచ్చి, బొడ్లోంచి ఫోను తీశారు. ముకుందరావుగారి జేబులో ఫోను మోగింది. ఆయన ఆవిడకు ఒక అడుగు దూరంలో ఉన్నారు. మర్యాదగా అటు తిరిగి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

“నమస్కారము. నిగనిగ హోం క్లీనింగ్. తమ పేరు?”

“వరహాలమ్మ.”

“చిరునామా?”

“మీ వెనక.”

“ఏమి శుభ్రపరచవలెను?”

“ఈ షెడ్డు. సంచి ఒక్కటి మిగలకూడదు. గచ్చు కనపడాలి.”

“ఎప్పటిలోగా?”

“ఇప్పుడు.”

“సిబ్బంది విషయమై ప్రత్యేకమైన కోరిక ఏమైనా...”

“సన్యాసమ్మ, ఆవిడ జట్టు చెయ్యాలి. ఇంకో చెయ్యి పడిందంటే ఫిర్యాదు చేస్తాను.”

ముకుందరావుగారు ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగారు. ఒక కస్టమరు నుండి అత్యవసరమైన ఆర్డరు వచ్చినదని వరహాలమ్మగారితో సహా అందరికీ తెలియజేశారు. ఇతర కస్టమర్ల ఆస్తి ఏమవుతుందన్న ప్రశ్న ఆయన మొహంలో కనపడుతూనే ఉంది. కాని ఆర్డరు ఆర్డరే. చలమయ్యగారు వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదలడం చూసి, నవ్వుతున్నారని నాకు తెలిసింది.

సన్యాసమ్మ కొంగు దోపి చీపురు అందుకుంది. గేటు దగ్గర ఆడవాళ్ళు డబ్బాలు కింద పెట్టి లేచారు. అప్పలకొండ సంచులు నా ఆటోలోకి ఎత్తుతూంటే, నేను తీసుకెళ్ళి వెనకనున్న పల్లపు స్థలంలో గుమ్మరించి వస్తున్నాను. ప్లీడరుగారి అనుభవం, దమయంతిగారి ఫ్యాను, జమీందారీ మెట్లు అన్నీ ఒకే గుంటలో కలిసిపోయాయి. పైనుంచి చూస్తే ఏది ఎవరిదో తెలియలేదు.

పరాంకుశంగారు భూతద్దం పట్టుకుని ఖాళీ అవుతున్న షెడ్డు మధ్య నిలబడిపోయారు. తన ధూళి ఇంకా తేలలేదని, ఆధారాలు నాశనం చేస్తున్నారని అన్నారు. తమరన్నది సత్యమేనని ముకుందరావుగారు చేతులు జోడించారు. ఇది కూడా ఒప్పుకుంటున్నారా అని పరాంకుశంగారు అడిగారు. ఒప్పుకుంటున్నామన్నారు. పరాంకుశంగారు భూతద్దం పైకెత్తారు. అయితే దీని మీద ఇంకో అభ్యంతరం చెప్పవలసి వస్తుందని, ఈ మనిషిని ఇవాళే పంపించెయ్యాలని సన్యాసమ్మ వైపు వేలు చూపించారు. పొద్దు అప్పటికే గోడ దిగిపోతోంది.

సన్యాసమ్మ ఊడవడం ఆపింది. నడుము నిటారుగా చేసుకుంది.

“కాదు బాబూ” అంది.

చీపుర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. చలమయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

“కాదు. మీ దుమ్ము మరి నేదు. అది ఈణ మేస్టారి గోడకి పోనాది. నాను పంపనేదు, ఈ బాబు సెప్తే దింపినాం. ఉన్నా నాను తెచ్చి మీ ఇంట ఎయ్యను. ఇల్లు సుబ్బరంగ ఉన్నాది. అలగే ఉండనీండి.”

పరాంకుశంగారు భూతద్దం కిందికి దించారు.

“మరి నా బీరువా ఎవరైనా ముట్టుకుంటే నాకు తెలిసేదెలా?”

“తాళం ఎయ్యండి.”

“తాళం చెవి పోయింది.”

“కొత్త తాళం కొనుక్కోండి. దుమ్మెట్టి కాపలా కాయడవేటి బాబూ, ఇంత సదువుకుని.”

తలుపు సందులోంచి గాలి తగిలిన మనిషిలా ఆయన మొహం నెమ్మదిగా తేటపడింది. చలమయ్యగారి వైపు తిరిగారు.

“ఇన్నాళ్ళుగా నేను అడుగుతున్నది ఇదేనండీ. అభ్యంతరం అంటే ఏమిటి? నేను ఒక పేరా రాస్తాను. అవతలివాడు దానికి జవాబు చెప్పాలి. జవాబు సరిపోతే పేరా డ్రాప్ చేస్తాను. ఉద్యోగమంతా అలాగే చేశాను. మీవాళ్ళు జవాబు చెప్పరు, ఒప్పేసుకుంటారు. ఒప్పేసుకున్న పేరాని నేనెలా మూసెయ్యను? నాకు నిద్ర కూడా పట్టడం లేదు.” మళ్ళీ సన్యాసమ్మ వైపు తిరిగి, “జవాబు సంతృప్తికరం. డ్రాప్” అన్నారు.

ముకుందరావుగారు ఒక మాట తెలియజేయవచ్చునా అని ముందుకు వచ్చారు. సిబ్బంది నిషిద్ధ పదం పలికిన విషయమై ఏమి చర్య తీసుకోవలెనని అడిగారు. తనకు అభ్యంతరం లేదని పరాంకుశంగారు చెప్పారు. అందరూ చలమయ్యగారి వైపు చూశారు. ఆయన మెడలో కార్డు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, వెళ్తున్న ఆఖరి సంచిలో పడేశారు. “సన్యాసమ్మా, సోమవారం ప్లీడరుగారి ఇంటికెళ్ళాలి. పుస్తకాలు తుడవాలి” అన్నారు. ఆయన వద్దంటేనో అని సన్యాసమ్మ అడిగింది. “వద్దంటే మానెయ్. నువ్వు కాదనాల్సి వస్తే కాదనెయ్” అన్నారు. ఆడవాళ్ళు గేటు దగ్గరికెళ్ళి బట్టల సంచులు విప్పుకున్నారు.

షెడ్డు కడిగేసరికి దీపాలు పెట్టే వేళైంది. గచ్చు కనపడింది. వరహాలమ్మగారు వచ్చి పాదంతో రాసి చూసి లోపలికి వెళ్ళారు. కాసేపటికి విస్తరాకులు పంపించారు. తడి ఆరని ఆ గచ్చు మీదే అందరం వరసగా కూర్చున్నాం. చలమయ్యగారు కూర్చున్నారు. ముకుందరావుగారు పంచె సర్దుకుని కూర్చున్నారు. పరాంకుశంగారిని ఎవరూ ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆయనా కూర్చున్నారు. వేడన్నం, ఆనపకాయ పులుసు, మినప్పచ్చడి వడ్డించారు.

ఇన్నాళ్ళూ ఒప్పుకుని ఒప్పుకుని అందరి నోళ్ళూ అలిసిపోయి ఉన్నాయి. అన్నం కలుపుతున్న చప్పుడు, ఎవరో పులుసు జుర్రిన చప్పుడు, అంతే.

పులుసులో ఉప్పు లేదు. మొదటి ముద్దకే అందరికీ తెలిసింది. వరహాలమ్మగారు గుమ్మంలో గరిటెతో నిలబడి చూస్తున్నారు. ముకుందరావుగారి చెయ్యి ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పరాంకుశంగారు చెయ్యి చాచి ఉప్పు గిన్నె దగ్గరకు తీసుకున్నారు. చిటికెడు వేసుకుని, పక్కనున్న సన్యాసమ్మ విస్తరి వైపు జరిపారు. ఆవిడ వేసుకుని అప్పలకొండకు జరిపింది. గిన్నె వరస పొడుగునా వచ్చి నా దగ్గర ఆగింది. నేనూ వేసుకుని తిన్నాను.